మార్కెట్ ఖరీదుగా ఉందా అని అడిగిన చిన్నోడికి

విజయనగరం

చిన్నోడా,

భోగాపురం భూమి సొమ్ములో పన్నెండు లక్షలు నీ చేతికిచ్చాననీ, నువ్వు షేర్లలో పెడతానంటున్నావనీ మీ అమ్మ చెప్పింది. వినగానే గుండె ఝల్లుమంది. "ముందు మార్కెట్ ఖరీదుగా ఉందో లేదో పెద్దమ్మనడుగుతానన్నాడు" అని కూడా చెప్పాక కాస్త కుదుటపడ్డాను. ఆ ప్రశ్న కొన్నాక అడిగేవాళ్లే గానీ కొనకముందు అడిగేవాళ్లు తక్కువరా.

ఒక్క మాట ముందే చెప్పేస్తాను. ఆప్షన్ల జోలికి వెళ్లకు, అవి ధర ఎటు పోతుందోనని కాసే పందేలు. 2021-22 నుంచి 2023-24 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్, ఆప్షన్స్ ఆడిన మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్‌కి కాపలా కాసే సెబీయే లెక్క తీసింది. మనిషికి సగటున 2 లక్షలు. నువ్వు అటు వెళ్తే ఈ ఉత్తరం చింపి పారెయ్, నాకు ఫోన్ చెయ్యకు.

ఇక లెక్క. విమానాశ్రయం పేరు చెప్పి భోగాపురంలో ఎకరం ధర ఎక్కడికో పోయింది గానీ, ఆ ఎకరం మీద వచ్చే కౌలు అంత పెరగలేదు కదా. ధరని కౌలుతో భాగిస్తే ఎన్నేళ్ల కౌలు ముందే కట్టేస్తున్నావో తెలుస్తుంది. పీఈ అంటే అదే. నిఫ్టీ అనే సూచీలో ఉన్న యాభై పెద్ద కంపెనీల ధరని వాటి ఏడాది లాభంతో భాగించిన అంకె. నిఫ్టీని నడిపే స్టాక్ ఎక్స్ఛేంజి ఎన్ఎస్ఈ వాళ్ల సూచీల వెబ్‌సైటులో పీఈ, పీబీ (ధరని అప్పులు పోగా మిగిలే ఆస్తులతో భాగించింది), డివిడెండ్ ఈల్డ్ (ధరలో ఎంత శాతం డివిడెండుగా చేతికొస్తుందో) మూడూ రోజూ వేస్తారు. నెలాఖరు అంకెలు నోటుబుక్కులో రాసుకుంటే చాలు, రోజూ చూడక్కర్లేదు.

ఇక్కడే జనం బోర్లాపడతారు, జాగ్రత్తగా చదువు. భాగహారంలో పైనున్న ధర అందరికీ కనిపిస్తుంది. కిందున్న లాభం ఏ ఏడాదిది, ఎవరిది అని అడిగేవాడుండడు. 2000లోనూ, 2008 జనవరిలోనూ నిఫ్టీ పీఈ 28 దరిదాపుల్లో ఉన్నప్పుడే మార్కెట్ కూలింది. 2008 జనవరిలో 6,357 తాకిన నిఫ్టీ అక్టోబరులో 2,252కి పడిపోయింది. దాంతో "28 వస్తే అమ్మెయ్" అనేది వేదవాక్కయి కూర్చుంది. 2021 ఫిబ్రవరిలో నిఫ్టీ 15,000 దాటింది, పీఈ 40 దాటింది. సూత్రం నమ్మినవాళ్లకి ఇది ఎన్నడూ లేని బుడగ, ఉన్నదంతా అమ్మెయ్యాలి. 2024 సెప్టెంబరుకి నిఫ్టీ 26,000 దాటింది. అప్పుడు పీఈ ఎంతో తెలుసా? 24 దగ్గర. ధర అంత పెరిగి పీఈ తగ్గిందంటే, మొదట చూసిన 40లోనే ఏదో తేడా ఉందన్నమాట.

తేడా రెండు చోట్ల ఉంది. ఒకటి, పీఈ గడిచిన నాలుగు త్రైమాసికాల లాభంతో కడతారు. ఆ నాలుగింటిలో 2020 ఏప్రిల్-జూన్ లాక్‌డౌన్ కాలం ఉంది. లాభం కుంగితే పీఈ దానంతటదే ఉబ్బుతుంది. రెండోది ఇంకా పెద్దది. అప్పటిదాకా ఎన్ఎస్ఈ మాతృసంస్థ ఒక్కదాని లాభమే లెక్కలోకి తీసుకునేది, అనుబంధ కంపెనీలవి కలిపేది కాదు. బజాజ్ ఫిన్‌సర్వ్‌నే చూడు. దాని సంపాదనంతా దాదాపు కింది ఫైనాన్సు, ఇన్సూరెన్సు కంపెనీలదే. షేరు ధరలో అవన్నీ ఉంటాయి, లాభంలో మాత్రం లేవు. 2021 మార్చి 31 నుంచి అన్నీ కలిపిన లాభంతో లెక్క మార్చారు. సూచీ ఒక శాతం అటూఇటూ కదిలిన ఆ ఒక్క రోజులో పీఈ 40 నుంచి 33కి దిగింది!

కాబట్టి ఎవరైనా పాతికేళ్ల పీఈ గ్రాఫు ఒకే గీతగా చూపించి "సగటు కన్నా చవక" అంటే, 2021 మార్చి దగ్గర నిలువుగా గీత కొట్టు. ఎడమవైపు అంకెల్ని కుడివైపు వాటితో పోల్చకు. కొత్త లెక్కలో 2022 తర్వాత ఎక్కువ కాలం 20కీ 24కీ మధ్యే తిరిగింది. ఇంకా చిన్న చరిత్రే, దాని మీద కోటలు కట్టకు.

దీనికి తిరగేసిన మోసం ఉక్కు, పంచదార కంపెనీల్లో ఉంటుంది. లాభాలు శిఖరాన ఉన్నప్పుడు వాటి పీఈ ఆరో ఏడో ఉండి చవగ్గా కనిపిస్తుంది. సరుకు ధర దిగగానే లాభం ఆవిరి. అలాంటి చోట పీఈ కన్నా పీబీ నయం, ఆస్తుల విలువ ఏడాదికోలా ఎగిరిపడదు.

రెండో కొలత, లిస్టయిన కంపెనీల మొత్తం విలువని దేశ జీడీపీతో పోల్చడం. 2024 ఏప్రిల్‌లో బొంబాయి స్టాక్ ఎక్స్ఛేంజి (బీఎస్ఈ)లో లిస్టయిన కంపెనీల మొత్తం విలువ 400 లక్షల కోట్లు దాటింది. అప్పటి లెక్కల్లో జీడీపీ సుమారు 300 లక్షల కోట్లు. అంటే 133 శాతం. వంద దాటితే ఖరీదు అంటారు గానీ, నేను దీన్ని సగమే నమ్ముతాను. 1956 నుంచీ ఉన్న ఎల్ఐసీ 2022 మేలో లిస్టవగానే దాని విలువంతా ఇందులో వచ్చి పడింది. దేశం మారలేదు, లెక్కలో చేరిన కంపెనీ మారింది. మన ఐటీ కంపెనీలు అమెరికాలో సంపాదించేదానికీ మన జీడీపీకీ ఉన్న సంబంధమూ అంతంతే.

మూడోది చిటికెలో అయిపోతుంది. వందని పీఈతో భాగించు. పీఈ 22 అయితే నాలుగున్నర శాతం, అంటే నువ్వు పెట్టిన వందకి ఆ కంపెనీలు ఏడాదికి సంపాదించేది. పదేళ్ల ప్రభుత్వ బాండు ఏడు ఇస్తుంటే, మిగతా రెండున్నరా లాభాల పెరుగుదలలోంచి రావాలి. ఆ తేడా ఎంత పెరిగితే నువ్వు అంత ఆశ కొంటున్నట్టు.

నిఫ్టీ ఒక్కటే చూసి ఊరుకోకు. 2018 జనవరి నుంచి చిన్న కంపెనీల సూచీ దిగజారుతుంటే, నిఫ్టీ మాత్రం 2020 జనవరిలో కూడా కొత్త రికార్డులు కొట్టింది. 2020 మార్చికి చిన్నవి సగానికి పైగా పోయాయి. స్మాల్‌క్యాప్ పీఈకి నోటుబుక్కులో వేరే వరస పెట్టు.

ఇన్ని చూసినా ఎప్పుడు పడుతుందో మాత్రం ఏ అంకే చెప్పదు. అమెరికా కేంద్ర బ్యాంకు అధిపతి గ్రీన్‌స్పాన్ షేర్ల మోజు మితిమీరుతోందేమోనని 1996 డిసెంబరులోనే హెచ్చరించాడు. మార్కెట్ 2000 మార్చి దాకా పెరిగి రెట్టింపైంది. కూలి కూలి 2002 అక్టోబరుకి ఆయన హెచ్చరించిన నాటి మట్టానికి దగ్గరగా వచ్చింది. ఆయన మాట నిజమే, కానీ ఆరేళ్లు పట్టింది. అందుకే ఖరీదుగా ఉందని మొత్తం బయటికి లాగకు, చవగ్గా ఉందని మొత్తం కుమ్మరించకు.

ఆరు లక్షలు బ్యాంకు ఎఫ్‌డీలో ఉంచు. మిగతా ఆరూ నిఫ్టీ కంపెనీలన్నిటినీ సూచీలో ఉన్న పాళ్లలోనే కొనే ఇండెక్స్ ఫండులో నెలకి 25,000 చొప్పున రెండేళ్లు. పీఈ 20 కిందికొస్తే రెండు వాయిదాలు కలిపి కట్టు. 25 దాటితే ముందు లాభాలు కుంగి ఉబ్బిందేమో చూడు, కాదనుకుంటే వాయిదా సగం చెయ్. ఈ 20, 25 నేను పెట్టుకున్న గుర్తులే, శాసనం కాదు. వాయిదాలన్నీ అయ్యాక మొత్తంలో షేర్ల వాటా 60 శాతం దాటిన రోజున ఎక్కువైంది అమ్మి సగానికి తెచ్చుకో. ఏడాది దాటిన వాటి మీద లాభం ఏటా 1.25 లక్షల వరకు పన్ను లేదు, ఆ పైన 12.5 శాతం. కాబట్టి కొంత మార్చి నెలలో, కొంత ఏప్రిల్‌లో అమ్మితే రెండు ఆర్థిక సంవత్సరాల మినహాయింపూ వాడుకోవచ్చు.

చెల్లి పెళ్లికి తీసిపెట్టింది ఇందులో కలపకు, నాన్నా. ఐదేళ్లలోపు కావలసిన డబ్బు ఏ పీఈ దగ్గరా షేర్లలో ఉండకూడదు. మీ అమ్మ అడగదు, నేనడుగుతున్నాను. నామినీగా అమ్మ పేరు పెట్టావా?

మొదటి వాయిదా కట్టేముందు నోటుబుక్కులో పేజీ ఫోటో తీసి పంపు. జీడీపీ వరస మాత్రం పెన్సిల్‌తో రాయి, దాన్ని ప్రభుత్వం సవరిస్తూనే ఉంటుంది.

ఇట్లు,
పెద్దమ్మ