ముందు పడే చోటు గియ్యి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

గోడలు, తాళ్లు, గుంటలు దాటుకుంటూ పరిగెత్తే అసాల్ట్ కోర్స్ కోసం నువ్వు పంపిన డ్రాయింగ్ రెండు రోజులుగా నా బల్ల మీదే ఉంది. గీత శుభ్రంగా ఉంది, కొలతలన్నీ వేశావు. మొత్తం 14 అడ్డంకులు. కానీ చెయ్యి జారినవాడు ఎక్కడ పడతాడన్నది మాత్రం ఎక్కడా కనబడలేదు. ప్రతిదాని కిందా ఒక గీత గీసి ‘నేల’ అని రాసి వదిలేశావు. నేనైతే ఆ గీత దగ్గరే మొదలుపెడతాను.

ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్న సంగతి. నా మొదటి కోర్సులో 8 అడుగుల చెక్కగోడ కట్టించాను. నాకున్న తెలివంతా ఎక్కే వైపే పెట్టాను. దిగే వైపు ఉన్నదల్లా తొక్కితొక్కి రాయిలా గట్టిపడిన మట్టి. పైకి చేరినవాడు చేరినట్టే నిలబడి దూకేవాడు. మొదటి వారంలోనే ముగ్గురికి చీలమండలు బెణికాయి, ఒకడికి ఎముక చిట్లింది. 8 అడుగుల మీంచి పడ్డ మనిషి గంటకు 25 కిలోమీటర్ల వేగంతో నేలకు తగులుతాడు. అదే మనిషి రెండు చేతులతో అంచు పట్టుకుని వేలాడి వదిలితే, పాదాలకీ నేలకీ మధ్య అడుగు, మహా అయితే అడుగున్నర ఉంటుంది.

‘వేలాడి దిగండి’ అని బోర్డు పెడితే చాలదా అంటావేమో. బోర్డు ఎవరూ చదవరు. ఆ పని గోడ పైఅంచుతో చేయించాలి. నేను అక్కడ వెడల్పాటి పలక వేశాను, అందుకే జనం దాని మీద నిలబడి దూకారు. అంచు పిడికిలికి చిక్కేంత సన్నగా, గుండ్రంగా చెక్కించి ఉంటే నిలబడ్డానికి చోటుండేది కాదు, వాళ్లంతట వాళ్లే వేలాడేవాళ్లు. నువ్వూ ఆ పలకే గీశావు. తీసెయ్యి. కింద అడుగు లోతున ఇసుకో చెక్కపేళ్లో పోయించు. అవి తొక్కుడికి పక్కలకు జరిగిపోయి, సరిగ్గా కాళ్లు పడే చోటే గుంట పడుతుంది. రోజూ పొద్దున్నే దాన్ని సర్దే మనిషెవరో ఇప్పుడే రాసిపెట్టుకో.

ఇక రెండు చెట్ల మధ్య నువ్వు వేసిన 30 అడుగుల తాడు. స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా ఉంది. బిగువుగా ఉంటేనే భద్రం అనిపిస్తుంది, నిజానికి వ్యవహారం తిరగబడి ఉంటుంది. 80 కిలోల మనిషి నడిమధ్యకు చేరినప్పుడు తాడు ఒకటిన్నర అడుగే కిందికి వంగితే ఒక్కో చెట్టునూ దాదాపు 400 కిలోల బరువుతో లాగుతుంది. 3 అడుగులు వంగనిస్తే ఆ లాగుడు సగానికి పడిపోతుంది. అదీ మనిషి కదలకుండా ఉంటేనే. ఊగితే ఇంకా పెరుగుతుంది. కాబట్టి తాడును వదులుగా కట్టించు. దాటడం కాస్త కష్టమవుతుంది, కానివ్వు, మనం పెట్టేది అడ్డంకే కదా. తాడుకీ బెరడుకీ మధ్య చెక్కముక్కలు పెట్టించు, లేకపోతే చెట్టు మెడకు ఉరి వేసినట్టే.

వరుస గురించి నీతో గట్టిగా పోట్లాడాలి. బురదగుంట దాటగానే చేతులతో వేలాడుతూ వెళ్లే కడ్డీలు పెట్టావు. బురద చేతులతో ఇనప కడ్డీ ఎవరికి ఆగుతుంది? పట్టు కావాల్సినవన్నీ ముందుకు జరుపు, నీళ్లూ బురదా చివరికి నెట్టు. పైగా గోడ, వల, తాడు, కడ్డీలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి, నాలుగూ ముంజేతుల మీదే భారం. కడ్డీల దగ్గరికి వచ్చేసరికి పిడికిలి మూసుకోదు. ఫ్రెంచ్ నౌకాదళ అధికారి జార్జ్ హెబెర్ వందేళ్ల కిందటే నడక, పరుగు, దూకడం, పాకడం, ఎక్కడం, తూలకుండా నిలవడం, బరువెత్తడం అని శరీరం చేసే పనుల్ని విడదీసి, అన్నీ కలిపి సాధన చేయించాడు. నీ 14లో బరువు మోసేది ఒక్కటీ లేదు, పాకేది ఒక్కటే ఉంది. ఎక్కేవి రెండు తగ్గించి ఆ లోటు పూడ్చు. మధ్యలో పరిగెత్తే చోటూ ఉంచు. సైనికులు అయిదు అంశాల్లో పోటీపడే సైనిక పెంటథ్లాన్‌లో పురుషుల కోర్సు 500 మీటర్లకు 20 అడ్డంకులు, అంటే సగటున పాతిక మీటర్లకొకటి. నువ్వు 120 మీటర్లలో 14 కుక్కావు.

కడ్డీల కింద మోకాలిలోతు నీళ్లు పెడితే మెత్తగా పడతారని రాశావు. పడరు. ఆ లోతు నీళ్లు దెబ్బను ఆపవు, అడుగునున్న రాయిని మాత్రం కనబడకుండా దాస్తాయి. నిలవ నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు భయం కూడా ఉంది. గుంటలు ఎక్కడున్నా అడుగున పైపు పెట్టి, ఖాళీ చేసి కడిగేలా కట్టించు.

పిల్లలు కూడా వస్తారన్నావు కాబట్టి సందులు చూసుకో. మూడున్నర అంగుళాలకూ 9 అంగుళాలకూ మధ్య ఉన్న సందులో ఒళ్లు దూరిపోయి తల ఇరుక్కుంటుంది. ఆట స్థలాలు కట్టేవాళ్లు తప్పించే కొలత ఇదే. నీ నిచ్చెన మెట్ల మధ్య 8 అంగుళాలు వేశావు. మేకులు వద్దు, బోల్టులే వాడు, వాటి తలలు చెక్కలోకి దిగిపోవాలి. సొరంగం పైపులో ఈ చివర్నుంచి ఆ చివర వెలుతురు కనబడాలి. ఏదైనా వద్దనుకున్నవాడు తలవంపు లేకుండా పక్కనుంచి వెళ్లేలా ప్రతిదానికీ దారి వదులు.

క్యూ సంగతి చాలామంది మర్చిపోతారు. ఒక్కరికి 40 సెకన్లు పట్టే అడ్డంకిలోంచి గంటకు 90 మందే వెళ్లగలరు. మిగతావి ఎంత చకచకా సాగినా జనమంతా అక్కడే పోగవుతారు. అన్నిటికన్నా ఆలస్యమయ్యేదాన్ని రెండు వరుసలుగా కట్టించు.

కట్టాక నువ్వే ముందు ఎక్కి చూడకు. నువ్వు చురుకైనదానివి, నీకు అన్నీ బాగానే ఉంటాయి. అందరికన్నా పొట్టివాణ్ణీ అందరికన్నా బరువైనవాణ్ణీ పిలిచి, ముందు ఒక కిలోమీటరు పరిగెత్తించి, చెక్కల మీద రెండు బకెట్లు నీళ్లు చల్లి, అప్పుడు ఎక్కించు. వాళ్ల చేతులు ఎక్కడ తడబడ్డాయో నోట్‌బుక్‌లో రాసుకో.

ఈలోగా డ్రాయింగ్ మళ్లీ వేసి పంపు. ఒక్కో అడ్డంకి చుట్టూ మనిషి పడగలిగే మేరంతా ఎర్ర పెన్సిల్‌తో నింపు. రెండు ఎర్ర మరకలు ఎక్కడ కలిసిపోతాయో అక్కడ ఒకదాన్ని జరపాలి. ఆ వల దగ్గర తప్పకుండా కలుస్తాయని నా అనుమానం.

ఇట్లు,
మీ మామయ్య