డెండ్రోబియం ఆర్కిడ్ కొత్త పిలకలు నల్లబడి కుళ్లిపోతున్నాయి, కాపర్ మందు కొట్టాలా?

వానలు మొదలయ్యాక కొత్త పిలకలు ఒకదాని వెంట ఒకటి కుళ్లుతున్నాయని, ఎరువుల దుకాణంలో కాపర్ ఆక్సీక్లోరైడ్ ఇచ్చారని అడిగారు. దయచేసి కొట్టకండి. డెండ్రోబియంకు రాగి మందులు పడవు, ఆకులు మాడతాయి. మా వరంగల్ వైపు కుళ్లు అన్న మాట వినపడితే చాలు, మిర్చి నారుకుళ్లుకు ఇచ్చే మందే చేతిలో పెడతారు. ఏ మొక్క అని కూడా అడగరు! కార్బెండజిమ్ అనే శిలీంధ్రాల మందు ఇచ్చినా దండగే. నల్లకుళ్లు తెచ్చే ఫైటోఫ్తోరా అనే బూజులాంటి సూక్ష్మజీవి మీద అది పనిచేయదు. కొబ్బరి చెట్టుకు మొవ్వు కుళ్లు తెచ్చేదీ ఆ జాతే.

హనుమకొండలో మా కింది పోర్షన్ వదిన వాళ్ల ఊదారంగు డెండ్రోబియంకు పోయిన వానాకాలం ఇదే జరిగింది. ఆమె కుండీ పట్టుకుని పైకి వచ్చేసరికి కొత్త పిలక పైకి పచ్చగానే ఉంది. నడిమి ఆకు పట్టుకుని మెల్లగా లాగితే ఊడి చేతికొచ్చింది. అడుగంతా గోధుమరంగులో మెత్తగా, నీరు కారుతూ, మురిగిన వాసన. ఇలా వాసన, నీరు ఉంటే బాక్టీరియా. వాసన లేకుండా నల్లగా కిందికి పాకితే ఫైటోఫ్తోరా. ఏదైనా ముందు చేయాల్సింది కోయడమే.

“ఇంత పచ్చగున్నదాన్ని కోస్తవా వదినా?” అని ఆమె నా చెయ్యి పట్టుకుంది. బ్లేడును స్టవ్ మంట మీద కాల్చి, చల్లారనిచ్చి, పిలకను మొదలుకంటా కోశాను. కోసిన చోట నడుమ ఇంకా గోధుమరంగు చుక్క ఉంది. మళ్లీ బ్లేడు కాల్చి మరికాస్త లోపలికి కోస్తే అప్పుడు తెల్లగా, శుభ్రంగా కనిపించింది. ఆ చుక్కను వదిలేస్తే కుళ్లు పాత కాడలోకి దిగుతుంది. గాటు మీద మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దాను. వేర్ల మీద పడనివ్వకూడదు, వాటిని ఎండబెట్టేస్తుంది.

తర్వాత కుండీ విప్పితే వేర్ల నడుమ తడి కోకోపీట్ ముద్ద. నర్సరీల వాళ్లు చెట్ల మీద బతికే మొక్కను ఇలా పీట్‌లో కుక్కి ఎందుకు అమ్ముతారో! ములుగు అడవుల్లో వాండా ఆర్కిడ్‌లు చెట్ల బెరడు పట్టుకుని, వేర్లు గాలిలో వేలాడేసుకుని వానాకాలమంతా హాయిగా ఉంటాయి. ఆ ముద్ద తీసేసి కట్టెబొగ్గు, పెంకు ముక్కల్లో పెట్టి, వాన జల్లు తగలని చోట, గాలి ఆడేలా వేలాడదీశాం. గాటు ఎండేదాకా నీళ్లు లేవు, ఎరువు లేదు. దసరా దాటాక పాత కాడ మొదట్లో కన్ను ఉబ్బి పచ్చటి మొలక వచ్చింది. ఆకులు రాలిన పాత కాడలను ఎండుపుల్లలని కోసిపారేస్తారు చూడండి, నాకు ప్రాణం పోయినట్టుంటుంది. మొక్క నీరు, ఆహారం దాచుకునేది వాటిలోనే.

నా మటుకు నాకు, మనవైపు పిలక కుళ్లంటే సాయంత్రం నీళ్లే కారణం. లేత ఆకుల దొప్పలో చేరిన నీరు రాత్రంతా నిలిచి ఉంటుంది. వీడియోల్లో రోజూ స్ప్రే చేయమని చెప్పేవాళ్లు జూలైలో ఇక్కడికొచ్చి చూడాలి. నీళ్లు పొద్దున్నే పోయండి, వేర్లు వెండిరంగుకు తిరిగాకే పోయండి, దొప్పలో నిలిస్తే దూదితో అద్దేయండి. ఇంత చేసినా నల్లకుళ్లు ఆగకపోతే అప్పుడు మెటలాక్సిల్ ఉన్న మందు అడగండి, డబ్బా మీద రాసిన మోతాదు దాటకండి.

మీ దగ్గర ఫెలనాప్సిస్ ఆర్కిడ్ కూడా ఉంటే దానికి ఇంకా జాగ్రత్త కావాలి. దానికి పెరిగే కొన ఒక్కటే, అది కుళ్లితే అడుగు నుంచి పిల్ల వస్తేనే ఆశ. ఆ కుండీని కాస్త పక్కకు వంచి పెట్టండి, నీరు జారిపోతుంది.