ఏటికి అటూ ఇటూ ఒకటే చీటీ

ఈ శీర్షికలో జవాబులు రాస్తున్న నేను ఒడిశాలోని గుణుపురంలో ఒక మందుల షాపులో 22 ఏళ్లుగా ఫార్మసిస్టుని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో మూడింటికి జవాబులివి.

ప్రశ్న: మా నాన్నగారికి 71 ఏళ్లు. బీపీకి, నిద్రకి విశాఖపట్నం డాక్టరుగారు మందులు రాశారు. మా వీధి చివర షాపులో బీపీ మాత్రలు ఇచ్చారు గానీ, నిద్ర మాత్ర ఆల్‌ప్రాజోలామ్ మాత్రం ‘చీటీ పాతదమ్మా, ఇవ్వలేను’ అన్నారు. ఏరు దాటి వెళ్తే ఒక షాపులో చీటీ అడక్కుండానే ఇచ్చేశారు. ఆంధ్రా చీటీ ఒడిశాలో చెల్లదా? తెలిసినాయనే మమ్మల్ని ఎందుకిలా తిప్పుతున్నట్టు?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: చెల్లుతుందమ్మా. రిజిస్టరైన డాక్టరు విశాఖలో రాసినా, బరంపురంలో రాసినా ఆ చీటీకి మీ వీధి షాపులో మందు ఇవ్వచ్చు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు పర్లాకిమిడి ఇటు ఒడిశాలోకి వచ్చింది, ఏటికి అవతలి పాతపట్నం అటు ఆంధ్రా వైపు ఉండిపోయింది. మందుల అమ్మకానికి మాత్రం 1940 నాటి డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ చట్టమే రెండు ఊళ్లకీ. షాపు లైసెన్సు, ఫార్మసిస్టు రిజిస్ట్రేషను రాష్ట్రాన్ని బట్టి ఉంటాయి, అంతే తేడా.

మీ షాపాయన ఆపింది చీటీ ఆంధ్రాదని కాదు, పాతదని. డాక్టరు ‘మళ్లీ ఇవ్వవచ్చు’ అని రాయకపోతే ఒక చీటీకి ఒక్కసారే మందివ్వాలి. ఇచ్చిన షాపు పేరు, తేదీ ఆ చీటీ మీదే వెయ్యాలి. ఇది రూలు. నిజం చెప్పాలంటే బీపీ మాత్ర కూడా చీటీ మీద అమ్మాల్సిందే. కానీ బీపీ మాత్ర మానేస్తే పెద్దాయనకి ప్రమాదమని, తెలిసిన ఇల్లని, ఆయన ఇచ్చి ఉంటారు. నిద్ర మాత్ర సంగతి వేరు. అది హెచ్1 షెడ్యూలులో, అంటే ప్రతి అమ్మకానికీ లెక్క రాయాల్సిన మందుల జాబితాలో ఉంది. అట్ట వెనక ఎర్ర గీతల గడిలో హెచ్చరిక ఉంటుంది చూడండి. 2014 మార్చి 1 నుంచి ఇలాంటి మందులకు మా దగ్గర వేరే రిజిస్టరు ఉండాలి. డాక్టరు పేరు, చిరునామా, రోగి పేరు, మందు, ఎన్ని ఇచ్చామో అన్నీ రాసి మూడేళ్లు దాచాలి. టీబీ మందులు, సెఫిక్సిమ్ లాంటి యాంటీబయాటిక్కులు కూడా అందులోనే రాస్తాం.

చీటీ అడక్కుండా ఇచ్చినాయన మీకు మేలు చేశాడని అనుకోకండి. ఆ మాత్రకి ఒళ్లు అలవాటు పడిపోతుంది. పెద్దవాళ్లు రాత్రి లేచినప్పుడు తూలి పడతారు. అలాగని నెలల తరబడి వేసుకుంటున్నది ఒక్కసారిగా ఆపెయ్యకూడదు, అదీ ప్రమాదమే. ఎలా తగ్గించాలో డాక్టరే చెప్పాలి. విశాఖ దాకా వెళ్లలేకపోతే జిల్లా ఆసుపత్రిలో డాక్టరుకి పాత చీటీ చూపించండి. ఫోన్లో రాయించుకుందామంటే, బీపీ మందు వరకూ కుదురుతుంది గానీ నిద్ర మాత్రకి కుదరదు. టెలిమెడిసిన్‌కి 2020లో పెట్టిన నిబంధనలు దాన్ని ఒప్పుకోవు. బీపీ మందుకైతే ‘మూడు నెలలు, నెలకోసారి ఇవ్వవచ్చు’ అని రాయమని డాక్టరుని అడగండి. ఆ ఒక్క వాక్యంతో మీకూ షాపాయనకీ టెన్షన్ ఉండదు.

ఏటికి రెండు వైపులా కొనేవాళ్ల గురించి నాకు వేరే భయం ఉంది. పోయిన వానాకాలం ఒక మామ్మ మా షాపుకొచ్చి, ‘కాళ్లు పొంగిపోతన్నాయి తల్లీ, నీరు తీసే మాత్ర ఇయ్యి’ అంది. పాదాల మీద వేలితో నొక్కితే గుంట పడుతోంది. కాళ్ల కడియాలు ఎక్కక తీసి కొంగున కట్టుకుంది. ఏం మందులు వాడుతున్నావు మామ్మా అని సంచి విప్పించాను. రెండు అట్టలు. ఒకటి తెల్లది, టెక్కలిలో కూతురింటి దగ్గర డాక్టరు రాసింది. ఒకటి గులాబీది, ఇక్కడ రాసింది. కంపెనీలు వేరు, పైన పెద్దక్షరాల పేర్లు వేరు. కింద చీమ తలకాయంత అక్షరాల్లో రెంటి మీదా ఒకటే ఉంది: ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు. రోజూ పొద్దున్నే రెండూ వేసుకుంటోంది. ఆ మందు ఎక్కువైతే పాదాలు వాయడం మాకు తెలిసిన సంగతే. నీరు తీసే మాత్ర ఇచ్చి ఉంటే మూడో మందు అంటగట్టినదాన్నయ్యేదాన్ని. రెండట్టలూ ఒక కవర్లో పెట్టి, ‘రెండూ ఒకటే మందు’ అని కాగితం మీద రాసి ఆసుపత్రికి పంపాను. డాక్టరు ఒకటి మాన్పించారు. మూడు వారాలకి మళ్లీ వచ్చింది, కాళ్లకి కడియాలతో.

అందుకే అమ్మా, ఏ ఊళ్లో కొన్నా నాన్నగారి మందులన్నీ ఒకే సంచిలో వేసి, నెలకోసారైనా మీ వీధి షాపులో బల్ల మీద పరిచి చూపించండి. అక్కడ ఫార్మసిస్టు కూర్చున్నారా, సేల్స్ కుర్రాడే ఉన్నాడా అన్నది ముందు చూసుకోండి. జనానికి కనబడేలా గోడకి తగిలించిన లైసెన్సు మీద ఫార్మసిస్టు పేరు ఉంటుంది. ఆ మనిషి ఏరని అడగడం మీ హక్కు.

ప్రశ్న: మాది గుమ్మ దగ్గర చిన్న ఊరు, 140 గడపలు. కిరాణా కొట్టులో జ్వరం మాత్రలతో పాటు యాంటీబయాటిక్కులు కూడా విడిగా కోసి అమ్ముతున్నారు. ఇది తప్పు కాదా?
– ఒక ఉపాధ్యాయుడు

జవాబు: సగం తప్పు కాదు, సగం పెద్ద తప్పు. జనాభా వెయ్యికి మించని ఊళ్లలో పారాసెటమాల్, నొప్పి బామ్, కడుపు మంట మందు లాంటివి లైసెన్సు లేకుండా అమ్ముకోవచ్చు. మందుల షాపు లేని ఊళ్లకి చట్టమే ఇచ్చిన వెసులుబాటు అది. అయితే కొట్టువాళ్లు ఆ సరుకు లైసెన్సున్న వాళ్ల దగ్గరే కొనాలి, కంపెనీ ప్యాకింగు విప్పకుండా అమ్మాలి. యాంటీబయాటిక్కులకి ఆ వెసులుబాటు లేనే లేదు.

కోసి అమ్మడం గురించి ఒక మాట. చాలా అట్టల మీద గడువు తేదీ ఒక చివరే ఉంటుంది. ఆ చివర కోసిచ్చేస్తే మిగిలిన మాత్రల వయసు ఎవరికీ తెలీదు. మా షాపులో ఎప్పుడూ రెండో చివర నుంచే కోస్తాం. విడిగా ఇచ్చిన మాత్రల పొట్లం మీద మందు పేరు, గడువు రాస్తాను. చదువురాని సవర వాళ్లకయితే పొద్దున మాత్రకి సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్రకి చంద్రుడి బొమ్మ వేస్తాను. అవి చూసుకుని తప్పకుండా వేసుకుంటారు.

కొట్టాయనతో ముందు మీరే మాట్లాడండి. ఊళ్లో మాస్టారి మాట వింటారు. యాంటీబయాటిక్కులు మానకపోతే డ్రగ్ ఇన్‌స్పెక్టరుకి రాయండి. జ్వరం మాత్రలు, ఓఆర్ఎస్ పొట్లాలు ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతాయని పిల్లల చేత ఇళ్లల్లో చెప్పించండి.

ప్రశ్న: డాక్టరు రాసిన కంపెనీ మందు ఖరీదు ఎక్కువ. అదే మందు చవకది ఇమ్మంటే షాపువాళ్లు ఇవ్వనన్నారు. ఎందుకు?
– ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: చీటీలో రాసింది కాకుండా ఇంకోటి మా అంతట మేం ఇవ్వకూడదు, రూలు ఒప్పుకోదు. కంపెనీ పేరు బదులు మందు పేరు రాయమని డాక్టరునే అడగండి. అప్పుడు జన ఔషధి కేంద్రంలోనూ కొనుక్కోవచ్చు. దానికంటే ముందు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా మందులిచ్చే నిరామయ కౌంటరు దగ్గర చీటీ చూపించండి. అక్కడ ఉన్న మందులకు డబ్బు కట్టక్కర్లేదు. లేనివేవో చీటీ మీద గుర్తు పెట్టించుకుని, వాటి వరకే బయట కొనండి.