లాగే ఫిరంగా, నడిచే ఫిరంగా? ముందు గడియారం చూడు

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో కుర్రాళ్లకు చెప్పబోయే పాఠం చిత్తుప్రతి చదివాను. లారీతో లాగే ఫిరంగులు ఒక పక్క, సొంత ఇంజనుతో నడిచేవి ఇంకో పక్క పెట్టి, ఏది ఎన్ని కిలోమీటర్లు కొడుతుందో పట్టిక వేశావు. ఆ పట్టిక తీసెయ్. దూరాన్ని తేల్చేది గొట్టం పొడవు, చార్జి (గుండుని తోసే మందు), ఆ మందు మండే చాంబర్, గుండు. కింద చక్రాలున్నాయా ట్రాకులున్నాయా అన్నదానితో గుండుకి పని లేదు. మన అటాగ్స్ లాగేది, కె9 వజ్ర నడిచేది. రెండిటి గొట్టమూ 155 ఎం.ఎం. వెడల్పు, 52 కాలిబర్ (వెడల్పుకి 52 రెట్లు) పొడవే. అటాగ్స్ మరికాస్త దూరం కొడుతుందంటే దాని చాంబర్ 25 లీటర్లది, వజ్రది 23 లీటర్లది కాబట్టి.

దాని బదులు గడియారంతో మొదలుపెట్టు. 20 కిలోమీటర్ల దూరానికి వేసిన గుండు గాలిలో నిమిషం అటూ ఇటూగా ఉంటుంది. అది ఇంకా గాలిలో ఉండగానే శత్రువు రాడార్ దాని దారి పట్టుకుని, ఎక్కడి నుంచి బయలుదేరిందో లెక్క కట్టేస్తుంది. మన స్వాతి రాడార్ చేసేదీ ఇదే పని. అవతలి ఫిరంగి సిద్ధంగా ఉంటే బదులు గుండు రావడానికి కొద్ది నిమిషాలు చాలు. ఆ లోపల చోటు ఖాళీ చేయగలమా లేదా అన్నదే అసలు పోలిక.

వజ్రకి నేలలో కాళ్లు దింపే పని లేదు. ఆగి నిమిషం లోపే కాల్చగలదు, కాల్చి వెంటనే కదలగలదు. ఫ్రాన్స్ వాళ్ల సీజర్ ట్రక్కు మీద బిగించినది. వెనక స్పేడ్ (కాల్చినప్పుడు కుదుపు ఆపడానికి నేలలో దిగే పార) ఎత్తుకుని వెళ్లిపోవడమే. లాగే ఫిరంగికి అయితే గొట్టం దించి తాళం వేయాలి, స్పేడ్లు పెకలించాలి, వెనక చాచిన ట్రెయిల్ కాళ్లు మూయాలి, దాచిన చోటు నుంచి లారీని రప్పించాలి, తగిలించాలి, మిగిలిన గుండ్లూ చార్జీలూ ఎక్కించాలి, మనుషులు ఎక్కాలి. తేలికపాటి లాగే ఫిరంగి ఎం777కి కాగితం మీద రెండు మూడు నిమిషాలే. చీకట్లో, వానలో, ఇద్దరు మనుషులు తక్కువైతే ఆ లెక్క నిలవదు. ఎక్కువగా దెబ్బ తగిలేది స్పేడ్ల దగ్గరే. మెత్తటి నేలలో పెద్ద చార్జీతో పది గుండ్లు వేస్తే అవి లోతుగా దిగబడిపోయి, గడ్డపారలు పట్టాల్సి వస్తుంది. రాతి నేలలో అసలు దిగవు. ప్రతి గుండుకీ ఫిరంగి వెనక్కి ఎగిరి గురి చెదురుతుంది. కుర్రాళ్ల చేతికి స్టాప్‌వాచ్ ఇచ్చి ఒక్కో పనినీ విడిగా కొలిపించు. మొత్తం సమయం ఒక్కటే రాయిస్తే ఎక్కడ ఆలస్యమైందో ఎవరికీ తెలియదు.

ఒక్క మాట మరచిపోకు. లాగేవన్నీ ఒక జాతి కాదు. 1986లో కొన్న బోఫోర్స్‌కి చిన్న ఇంజను ఉంది. లారీ నుంచి విడదీశాక కొద్ది దూరం తనే జరగగలదు. ధనుష్, అటాగ్స్ కూడా అంతే. ఎం777కి ఆ ఇంజను లేదు. పైగా ఎక్కువ భాగాలు టైటానియంవి కాబట్టి దాని బరువు 4,200 కిలోల దగ్గర ఆగింది, అందుకే చినూక్ హెలికాప్టర్ కింద వేలాడదీసి కొండ మీద దించగలం. మనం తెప్పించిన 145 ఎం777ల విలువంతా ఆ బరువులోనే ఉంది. వజ్ర 47 టన్నులు. 2021లో దాన్ని లద్దాఖ్‌కీ తీసుకెళ్లారు, అక్కడి విశాలమైన మైదానాల్లో పనికొస్తుంది కూడా. కానీ ఘాట్ రోడ్డు మలుపులు, వంతెనల మోత, చలికి బ్యాటరీలూ నూనెలూ పెట్టే తిప్పలు ముందే లెక్కేసుకోవాలి. పంజాబ్, రాజస్థాన్ నేలల్లో ట్యాంకుల వెంట నడవడానికి వజ్రకి సాటి లేదు. లారీ దారి కూడా లేని శిఖరం పక్కన ఎం777కి సాటి లేదు. నా తీర్పు ఇది, పాఠంలో ధైర్యంగా చెప్పు.

ఉక్రెయిన్ గురించి నువ్వు రాసిన పేరా పాతబడింది. లాగే ఫిరంగుల కాలం చెల్లిందని 2024లో అమెరికా సైన్యం ఫ్యూచర్స్ కమాండ్ అప్పటి అధిపతి జనరల్ జేమ్స్ రేనీ అన్న మాట నిజమే. అదే ఏడాది ఉక్రెయిన్ తన ట్రక్కు ఫిరంగి బోహ్దానాకి లాగే రూపం తయారుచేసిందన్నదీ నిజమే. ఇలా లాగే ఫిరంగి మళ్లీ రావడానికి ఒక కారణం డ్రోన్లు. రాడార్ నుంచి కదిలి తప్పించుకోవచ్చు. గంటల తరబడి ఆకాశంలో తిరిగే కంటి ముందు కదిలితే దుమ్ము, ట్రాకుల గుర్తులు, ఇంజను వేడి పట్టిచ్చేస్తాయి. ఢీకొని పేలే రష్యా లాన్సెట్ డ్రోన్లు రెండు రకాల ఫిరంగులనూ కొట్టాయి. గోతిలో దింపి, పైన దుంగలు, వల కప్పి, ఒంటరిగా దాచిన ఫిరంగి చిన్నది, కనిపించడం కష్టం. చక్రాల ట్రక్కుని దాచాలంటే చాలా పెద్ద గొయ్యి కావాలి. కాబట్టి రాడార్‌కి ఒక గడి, డ్రోన్‌కి వేరే గడి పెట్టు.

గుండ్ల రవాణా గురించి ఒక్క వాక్యమూ రాయలేదు. ఒక్కో గుండు సుమారు 45 కిలోలు. ఆరు ఫిరంగులు తలా వంద వేస్తే గుండ్లే 27 టన్నులు. చార్జీలు, గుండుని పేల్చే ఫ్యూజులు అదనం. వజ్ర లోపల 48 పడతాయి, సీజర్ మీద 18 మాత్రమే. అంటే సీజర్ కాల్చి పారిపోయే చోటికే గుండ్ల లారీ కూడా చేరాలి. ఆ లారీ దారి తప్పితే ఫిరంగి ఊరకే నిలబడుతుంది.

మరమ్మతు గడి కూడా కావాలి. లాగే లారీ చెడితే ఇంకో లారీ తగిలిస్తాం. వజ్ర గేర్‌బాక్స్ పోతే గొట్టం బాగున్నా ఫిరంగి మొత్తం వర్క్‌షాప్‌కి వెళ్లాలి. 2022లో ఉక్రెయిన్‌కి వెళ్లిన జర్మనీ తయారీ నడిచే ఫిరంగులు పాంజర్‌హౌబిట్జ 2000లు ఎడతెగని కాల్పులకి చెడిపోతుంటే, బాగుచేయడానికి లిథువేనియాలో కేంద్రం పెట్టాల్సి వచ్చింది. గొట్టం అరుగుదల మాత్రం రెండిటికీ సమానమే. పెద్ద చార్జీ ఎన్నిసార్లు వాడారో విడిగా రాసుకోమని చెప్పు.

మార్చిన పట్టిక పంపు. అందులో పగటి సమయం, రాత్రి సమయం వేరువేరు నిలువు గళ్లలో ఉండాలి.

మావయ్య