స్కూల్లో క్రమశిక్షణ కోసం పోలీసులను పెట్టాలా?

పిల్లలు మాట వినడం లేదు, టీచరు గట్టిగా మందలిస్తే తల్లిదండ్రులు గొడవకు వస్తున్నారు, మరి స్కూలుకో కానిస్టేబుల్‌ని పెడితే తప్పేముంది అని కొందరు అడిగారు. నా జవాబు, పెట్టకూడదనే. స్కూల్లో నేరం జరిగితే పోలీసులను పిలవాలి, అదీ వెంటనే పిలవాలి. కానీ ఆలస్యంగా రావడం, క్లాసు ఎగ్గొట్టడం, ఎదురు చెప్పడం, ఫోన్ తేవడం, ఇంటర్వెల్లో ఇద్దరు కలబడటం పోలీసుల దాకా వెళ్లాల్సిన విషయాలు కావు.

నేను ఉత్తర చెన్నైలో ఒక ఎయిడెడ్ స్కూల్లో సైన్సు చెబుతాను. మా క్లాసుల్లో తెలుగు ఇళ్ల పిల్లలు చాలామంది. తాతల కాలంలో నెల్లూరు వైపు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. అమ్మానాన్నలు చాలామంది తెల్లవారకముందే పనికి వెళ్లిపోతారు, కార్పొరేషన్ పారిశుద్ధ్య పనికో, హార్బర్లో లోడింగుకో. పోలీసులను పిలవమనే మాట నేను టీచర్ల కన్నా తల్లుల నోటే ఎక్కువగా విన్నాను. "ఒక్కసారి స్టేషన్‌కి తీసుకెళ్లి బెదిరించమనండి టీచరమ్మా, దారికొస్తాడు" అంటారు. బిడ్డ మీద ప్రేమ లేక కాదు. రోజంతా ఇంట్లో ఉండరు, పిల్లాడు ఎవరితో తిరుగుతున్నాడో తెలియదు, ఆ భయం అలా మాట్లాడిస్తుంది.

కొన్నేళ్ల కిందట నేను పనిచేసిన వేరే స్కూల్లో నిజంగానే అలా జరిగింది. తొమ్మిదో తరగతిలో బ్యాగులు వెతికితే ముగ్గురు అబ్బాయిల దగ్గర పెదవి కింద పెట్టుకునే పొగాకు పొట్లాలు దొరికాయి. యాజమాన్యం స్టేషన్‌కి ఫోన్ చేసింది. ఇద్దరు కానిస్టేబుళ్లు యూనిఫాంలో, పాఠం జరుగుతుండగానే క్లాసులోకి వచ్చారు. అందరి ముందూ ఆ ముగ్గురి జేబులు తడిమి, బైకుల మీద ఎక్కించుకుని తీసుకెళ్లారు. సాయంత్రం దాకా స్టేషన్లో కూర్చోబెట్టారు. తల్లులు పని మధ్యలో వదిలేసి పరిగెత్తుకొచ్చి క్షమాపణ కాగితం రాసిస్తే పంపించారు. కేసేమీ పెట్టలేదు. ఎవరూ చెయ్యి చేసుకోలేదు, అది కూడా చెప్పాలి.

ఆ తర్వాత కొన్నాళ్లు వరండాలు నిశ్శబ్దంగా ఉన్నాయి. పోలీసులను పిలవడం వల్ల ఫలితం ఉంటుందని వాదించేవాళ్లు చూపించేది ఆ నిశ్శబ్దాన్నే. నాకు కనిపించింది వేరు. ముగ్గురిలో ఒకడికి స్టేషన్‌కి వెళ్లొచ్చినందుకు చిన్నపిల్లల్లో పేరొచ్చింది. వాడి చుట్టూ చేరి ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకునేవాళ్లు. ఇంకొకడు ఏమీ పట్టనట్టే ఉన్నాడు. మూడోవాడు బాగా చదివేవాడు, నెమ్మదస్తుడు. వాడు మళ్లీ బడికి రాలేదు. వాళ్ల నాన్న టీసీ తీసుకుని బైక్ మెకానిక్ షెడ్డులో పెట్టాడు. ఇంటికి వెళ్లి అడిగితే, "పోలీసోళ్లు పట్టుకుపోయినోడని వీధంతా అంటున్నారు, ఇంక ఏ మొహంతో పంపేది టీచరమ్మా" అంది వాళ్లమ్మ.

ఆ రోజు ఆ అబ్బాయి నాకొక మాట చెప్పాడు. పొట్లాలు వాడివి కావు. స్కూలు పక్కనున్న బడ్డీ కొట్టు అతను ప్లస్ టూ అబ్బాయిలకు ఇవ్వమని వీడి చేతికిచ్చి, పది రూపాయలు ఇచ్చేవాడు. కొట్టు అతనిది వీళ్ల వీధే. అందుకే స్టేషన్లో ఎంత అడిగినా వీడు నోరు విప్పలేదు. అంత హడావిడి చేసి రాబట్టలేకపోయిన సంగతి, వాడి ఇంటి గుమ్మంలో కూర్చుని అన్నం తిన్నావా అని అడిగితే బయటికొచ్చింది.

ఇక చట్టం చూడండి. విద్యాసంస్థకు 100 గజాల లోపు పొగాకు అమ్మకూడదని 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టం చెబుతోంది. తమిళనాడులో గుట్కా మీద 2013 నుంచి నిషేధం ఉంది. పిల్లలకు పొగాకు ఇచ్చిన పెద్దవాళ్లకు 2015 జువెనైల్ జస్టిస్ (బాలల న్యాయ) చట్టం 77వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడవచ్చు. ఇవన్నీ అమ్మేవాడిని పట్టుకోమనే చట్టాలు. పట్టుకున్నది మాత్రం తొమ్మిదో తరగతి పిల్లాడిని. తర్వాత మేం కొందరు టీచర్లం, పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘంలో) ఉన్న తల్లులు కలిసి ఆ కొట్టు గురించి రాసిచ్చాం, అబ్బాయి పేరు ఎక్కడా రాకుండా. ఇన్‌స్పెక్టర్ వచ్చి సరుకు పట్టుకున్నారు, కొట్టు మూతపడింది. గేటు బయట పోలీసులు అంత బాగా పనిచేశారు. నేను పోలీసులకు వ్యతిరేకిని కాదు.

యూనిఫాం క్లాసులోకి వచ్చాక టీచరు మాటకు విలువ పెరిగిందా అంటే, అదీ లేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. అంతకు ముందు "మీ అమ్మని పిలిపిస్తా" అంటే కాస్త జంకేవాళ్లు. ఇప్పుడు "పోలీసులను పిలుస్తారా మిస్, పిలవండి" అనే పిల్లలు తయారయ్యారు. ఇంతకన్నా పెద్ద బెదిరింపు మా దగ్గర లేదని వాళ్లకి తెలిసిపోయింది.

అమెరికాలో ఈ ప్రయోగం పెద్ద ఎత్తున జరిగింది. స్కూళ్లలో పోలీసు అధికారులు అక్కడ 1950ల నుంచే ఉన్నా, 1999లో కొలంబైన్ హైస్కూల్లో జరిగిన కాల్పుల తర్వాత బాగా పెరిగారు. తుపాకుల భయంతో పెట్టినవాళ్ల చేతికి మెల్లగా క్లాసు గొడవలు కూడా వెళ్లాయి. 2015 అక్టోబరులో సౌత్ కరోలినాలోని స్ప్రింగ్ వ్యాలీ హైస్కూల్లో, ఫోన్ విషయమై క్లాసు నుంచి బయటికి వెళ్లనన్న ఒక అమ్మాయిని పోలీసు అధికారి డెస్కుతో సహా కిందపడేసి ఈడ్చాడు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. స్కూల్లో అల్లరిని నేరంగా చూసే చట్టం ఆ రాష్ట్రంలో ఉండేది. 2018లో దాన్ని మార్చి, తాము చదివే స్కూల్లోనే అల్లరి చేసిన విద్యార్థులకు వర్తించకుండా చేశారు.

మరి నాంగునేరి సంగతేమిటి అని ఇక్కడివాళ్లు అడుగుతారు. 2023 ఆగస్టులో తిరునల్వేలి జిల్లాలోని ఆ ఊళ్లో ఒక దళిత విద్యార్థి ఇంట్లోకి జొరబడి, తోటి విద్యార్థులే అతన్ని కొడవళ్లతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెలినీ వదల్లేదు. అది క్రమశిక్షణ సమస్య కాదు, ఘోరమైన నేరం. అక్కడ పోలీసులు రావాల్సిందే. కానీ అంతకు ముందే ఆ అబ్బాయి వేధింపులు తట్టుకోలేక బడి మానేశాడు. బడి మానేసిన పిల్లాడి వెనక పడాల్సింది, వాడికి రక్షణ చూడాల్సింది ఎవరు? ఆ ఘటన తర్వాత ప్రభుత్వం వేసిన జస్టిస్ చంద్రు కమిటీ 2024 జూన్‌లో నివేదిక ఇచ్చింది. పెద్ద హైస్కూళ్లలో విద్యార్థుల బాగోగులు చూడటానికి సంక్షేమ అధికారి ఉండాలన్నది అందులో ఒక సిఫార్సు. నేను కోరేది అలాంటి మనిషినే.

టీచర్ల గోడు కూడా నిజమే. తమిళనాడులో బెత్తం 2003లోనే పోయింది, 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ దేశమంతటా నిషేధించింది. పోవాల్సిందే, నాకు సందేహం లేదు. కానీ బెత్తం తీసేసినప్పుడు దాని స్థానంలో మాకు ఏమీ ఇవ్వలేదు. క్లాసులో అంతమంది పిల్లలు, కౌన్సిలర్ లేడు, ఒకడితో పది నిమిషాలు విడిగా మాట్లాడదామంటే పీరియడ్ ఖాళీ ఉండదు. పైగా రిజల్ట్స్ టెన్షన్. ఈ పరిస్థితిలో కానిస్టేబుల్ సులువైన దారిలా కనిపిస్తాడు.

పిల్లలకూ పోలీసులకూ పరిచయం ఉండాలంటే చెన్నైలో మంచి దారులున్నాయి. బస్తీల్లో పోలీసు శాఖ నడిపే బాయ్స్ అండ్ గర్ల్స్ క్లబ్బుల్లో మా పిల్లలు క్యారమ్స్ ఆడుకుంటారు. 2022 సెప్టెంబరులో మొదలైన సిర్పి అనే పోలీసు శాఖ పథకంలో నగరంలోని 100 స్కూళ్ల నుంచి ఎనిమిదో తరగతి పిల్లలను, స్కూలుకి 50 మంది చొప్పున, తీసుకున్నారు. అక్కడ పోలీసు మంచి చెప్పే మనిషిగా కనిపిస్తాడు. 2024 ఫిబ్రవరిలో నగరంలో పదికి పైగా స్కూళ్లకు బాంబు బెదిరింపు మెయిళ్లు వచ్చినప్పుడు కూడా పరిగెత్తుకొచ్చింది పోలీసులే.

ఇంకొకటి కోపంగానే చెబుతున్నాను. ఫోన్ దొరికితే స్టేషన్‌కి కబురు పెట్టే యాజమాన్యాలే, పిల్లల మీద లైంగిక వేధింపు బయటపడితే స్కూలు పేరు పోతుందని నోరు మూసుకుంటాయి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. పోలీసులను తప్పకుండా పిలవాల్సిన చోటు అది.

మీ స్కూల్లో ఇప్పటికే పోలీసులను పిలుస్తున్నారంటే, పీటీఏ మీటింగులో ఈ సంగతులు రాతపూర్వకంగా అడగండి. ప్రతి స్టేషన్లోనూ ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఉండాలి, పిల్లలతో మాట్లాడాల్సింది ఆ అధికారే. అప్పుడు మామూలు దుస్తుల్లో ఉండాలి. 18 ఏళ్ల లోపు పిల్లలను లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. చిన్న నేరాలకు ఎఫ్‌ఐఆర్ కాదు, స్టేషన్లో రోజూ రాసే జనరల్ డైరీలో రాసుకుంటే చాలు. మీ అబ్బాయిని మీకు చెప్పకుండా తీసుకెళ్లారని తెలిస్తే ముందు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, తర్వాత స్టేషన్‌కి వెళ్లండి. ఒంటరిగా వెళ్లకండి, క్లాస్ టీచరుని వెంట రమ్మనండి.