సొంతింట్లో ఉండే పింఛనుదారుకు ఆస్తి పన్ను: చట్టం ఏమంటోంది?

ప్రశ్న: ఉపాధ్యాయుడిగా పదవీ విరమణ చేశాను. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పురపాలక పట్టణంలో ముప్పై ఏళ్ల కిందట కట్టుకున్న ఇంట్లో నేనూ నా భార్యా ఉంటున్నాం. అద్దె రూపంలో ఒక్క రూపాయి రాదు. అయినా ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది. పింఛనుతో బతికేవారిపై ఇలా పన్ను పెంచడం చట్టబద్ధమేనా? కోర్టుకు వెళ్లవచ్చా?

జవాబు: మీ ఆవేదన న్యాయమైనదే. కానీ ఆ ఇంటిపై ఆదాయం లేదు కనుక పన్ను చెల్లదన్న వాదన కోర్టులో నిలవదు. ఈ పన్ను యజమాని ఆదాయంపై కాక ఆస్తిపైనే పడుతుందని, అద్దె విలువ దాన్ని లెక్కించడానికి వాడే కొలమానం మాత్రమేనని రల్లా రామ్ కేసులో, సుప్రీంకోర్టుకు ముందున్న ఫెడరల్ కోర్టు 1948లోనే తేల్చింది. మార్కెట్ విలువ ఆధారంగా మద్రాసు పట్టణ భూములపై వేసిన పన్నును కూడా 1969లో సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగని ప్రభుత్వం ఎలా వేసినా చెల్లుతుందని కాదు. భూమి దిగుబడితో నిమిత్తం లేకుండా అందరిపై ఒకే రేటు రుద్ది, అభ్యంతరం చెప్పుకోవడానికి తగిన అవకాశం కూడా ఇవ్వని కేరళలో అమలైన తిరువాన్కూరు-కొచ్చిన్ భూమి పన్ను చట్టాన్ని మూపిల్ నాయర్ కేసులో 1961లో అదే కోర్టు సమానత్వానికి హామీ ఇచ్చే రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమని కొట్టివేసింది.

మీ రాష్ట్రంలో 2020 నాటి చట్ట సవరణతో, 2021 ఏప్రిల్ 1 నుంచి, వార్షిక అద్దె విలువకు బదులు మూలధన విలువ ప్రాతిపదిక అయింది. రిజిస్ట్రేషన్ శాఖ నిర్ణయించిన స్థలం విలువకు, వయసును బట్టి తరుగు తీసివేసిన కట్టడం విలువను కలిపి, నివాస గృహాలకు దానిపై 0.10 నుంచి 0.50 శాతం లోపు పన్ను వేస్తారు. ఒక ఏడాదిలో పెంపు 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు గానీ, ఏటా ఆ పరిమితి మేరకు పెంచుకుంటూ పోతే ఐదేళ్లలో పన్ను రెట్టింపు అవుతుంది. పింఛను అలా పెరగదు కదా. పింఛనుదారులందరికీ వర్తించే మినహాయింపు ఈ చట్టంలో లేకపోవడం, నా దృష్టిలో, దీనిలోని అసలు లోపం.

కాబట్టి ముందుగా లెక్కను పరిశీలించండి. వార్డు సచివాలయం నుంచి మీ అసెస్‌మెంటు వివరాలు తీసుకుని, అందులోని ప్లింత్ ఏరియాను (కట్టడం విస్తీర్ణాన్ని) మీరు స్వయంగా కొలిచిన దానితో పోల్చండి. కట్టిన సంవత్సరం సరిగా నమోదైందా, తరుగు తీశారా, నివాసాన్ని పొరపాటున వాణిజ్య భవనంగా చూపారా అన్నవి చూడండి. మాజీ సైనికులకు, సొంతంగా నివసించే 375 చదరపు అడుగుల లోపు ఇళ్లకు ప్రత్యేక వెసులుబాట్లు ఉన్నాయి. తప్పు కనిపిస్తే నోటీసులోని గడువులోగా కమిషనర్‌కు రాతపూర్వకంగా రివిజన్ పిటిషన్ (పన్నును మళ్లీ లెక్కించాలన్న అర్జీ) ఇచ్చి రసీదు తీసుకోండి. ఈ మెట్టు దాటకుండా నేరుగా హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తే, ప్రత్యామ్నాయ మార్గం ఉందంటూ కోర్టు వెనక్కి పంపవచ్చు.

ఈలోగా పన్ను ఆపకండి. బకాయిపై నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది, అంటే ఏడాదికి 24 శాతం. అభ్యంతరాన్ని నమోదు చేసుకుంటూనే అర్ధ సంవత్సరాల వారీగా చెల్లించవచ్చు. మొత్తం ఏప్రిల్‌లోనే కడితే 5 శాతం రాయితీ వస్తుంది.

లెక్క సరిగానే ఉండి, భారం మాత్రమే మోయలేనిదైతే, దాన్ని తగ్గించే అధికారం పురపాలక సంఘం పాలక మండలికీ రాష్ట్ర ప్రభుత్వానికీ ఉంది. పైన చెప్పిన శాతాల పరిధిలో రేటు ఖరారు కావాలంటే మండలి తీర్మానం కావాలి. సొంతింట్లో ఉండేవారిని వేరుగా చూడటం మన చట్టానికి కొత్త కాదు. పాత పద్ధతిలో యజమాని నివసించే ఇంటికి, వయసు తరుగుతో కలిపి, అద్దె విలువలో 40 శాతం తగ్గించేవారు. ఢిల్లీలో వృద్ధులకు, వారు నివసించే ఒక్క ఇంటికి, 200 చదరపు మీటర్ల వరకు 30 శాతం రాయితీ ఉంది. మీ పట్టణంలోని పింఛనుదారుల సంఘం తరఫున ఈ రెండు ఉదాహరణలతో మండలికి, పురపాలక శాఖ మంత్రికి వినతిపత్రం ఇవ్వండి. నివాసముంటున్న ఒక్క ఇంటికి రాయితీ అడగండి. అది కుదరకపోతే, పెరిగిన పన్ను మొత్తం వసూలును ఇల్లు అమ్మే వరకో వారసులకు చెందే వరకో వాయిదా వేయాలని కోరండి.