పాత పికప్‌కు కొత్త ఇంజిన్: పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: మేము టెక్సస్‌లో డాలస్ శివార్లలో ఉంటున్నాము. నా దగ్గర 1972 నాటి షెవర్లే సి-10 పికప్ ఉంది. దాని 350 వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ పొగ వదులుతోంది, ఆయిల్ తాగుతోంది. దాన్ని బాగు చేయించే బదులు 2000 తర్వాతి సిల్వరాడో ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో సహా తెచ్చి, ఇంటి గ్యారేజీలోనే బిగించుకోవాలని నాకూ మా అబ్బాయికీ కోరికగా ఉంది. బ్రేకులు, రేడియేటర్ సొంతంగా మార్చుకున్న అనుభవం ఉంది కానీ ఇంజిన్ ఎప్పుడూ దించలేదు. ఏ ఇంజిన్ తీసుకోవాలి? పని ఎక్కడ మొదలుపెట్టాలి? చట్టపరమైన చిక్కులు ఏమైనా వస్తాయా?

సమాధానం: మీరు నిరభ్యంతరంగా చేసుకోవచ్చు. 1967 నుంచి 1972 వరకు వచ్చిన ఈ తరం సి-10 బండ్లకు బానెట్ కింద చోటు ధారాళంగా ఉంటుంది. పైగా ఆరు సిలిండర్ల ఇంజిన్ మొదలుకొని పెద్ద వీ8 వరకు వీటిలో కంపెనీయే బిగించి అమ్మింది కాబట్టి, మీరు తెచ్చే ఇంజిన్ బరువు ఆ చాసిస్‌కు కొత్త కాదు. అయితే ఇంజిన్‌ను లోపలికి దించి కూర్చోబెట్టడం ఈ పనిలో చిన్న భాగం మాత్రమేనని ముందుగానే గ్రహించండి. పెట్రోలు సరఫరా, వైరింగ్, ఇంజిన్‌ను చల్లబరిచే ఏర్పాటు, ఈ మూడే అసలు పని. సగంలో ఆగి గ్యారేజీల్లో దుమ్ము పట్టిపోయే బండ్లు సాధారణంగా ఈ మూడింటిలో ఏదో ఒకదాని దగ్గరే ఆగిపోతాయి.

ఇంజిన్ విషయంలో నా సలహా సూటిగానే ఉంటుంది. 1999 నుంచి 2006 వరకు వచ్చిన సిల్వరాడో, తాహో, సబర్బన్ బండ్లలోని 5.3 లీటర్ల ఎల్ఎం7 ఇంజిన్ తీసుకోండి. దాని బ్లాకు (సిలిండర్లుండే ప్రధాన భాగం) పోత ఇనుముది, దానిపై మూతల్లా కూర్చునే హెడ్లు అల్యూమినియంవి, శక్తి సంవత్సరాన్ని బట్టి 270 నుంచి 295 అశ్వశక్తి వరకు ఉంటుంది. ఇవి లక్షల సంఖ్యలో తయారయ్యాయి కాబట్టి తుక్కు యార్డుల్లో సులువుగా దొరుకుతాయి, విడిభాగాలకు కొరత లేదు. యార్డులో బండి ఛాసిస్ నంబరులో ఎనిమిదో అక్షరం ‘టి’ అని ఉంటే అది కంపెనీ నుంచి ఎల్ఎం7తో వచ్చిన బండి. ‘వి’ అని ఉంటే 4.8 లీటర్ల చిన్న ఇంజిన్‌తో వచ్చినది. 2007 నుంచి వచ్చిన చాలా 5.3 ఇంజిన్లలో అవసరం లేనప్పుడు నాలుగు సిలిండర్లను ఆపివేసే ఏర్పాటు ఉంటుంది. దాని లిఫ్టర్లు (వాల్వులను ఎత్తే భాగాలు) చెడిపోతే వాటిని కదిపే కామ్ షాఫ్ట్ కూడా పాడవుతుంది కాబట్టి మొదటిసారి చేసేవారికి పాత తరం ఇంజినే మేలు.

ఇంజిన్‌ను ఒక్కదాన్నే కొనకండి. గుద్దుకుని నడవలేని స్థితిలో ఉన్న పూర్తి బండి దొరికితే అదే కొనండి, లేకపోతే యార్డులో ఒకే బండి నుంచి ఇంజిన్, 4ఎల్60ఈ గేర్‌బాక్స్, కంప్యూటర్, కోయకుండా తీసిన వైరింగ్, గాలి కొలిచే సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్లు, ఆల్టర్నేటర్ వగైరా అన్నీ కలిపి తీసుకోండి. 2003 నుంచి వచ్చిన ఎక్కువ బండ్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు. పెడల్, దాని నియంత్రణ పెట్టె, థ్రాటిల్ ఈ మూడూ ఒకే బండివి అయితేనే ఒకదానితో ఒకటి పొసగుతాయి. ఒక్కొక్క వస్తువు ఒక్కొక్క చోట కొన్నవారు ఇంజిన్‌పై మిగిల్చిన డబ్బు కంటే ఎక్కువ కనెక్టర్ల కోసం ఖర్చు పెట్టడం నేను చాలాసార్లు చూశాను.

కొనేముందు కొన్ని చోట్ల కళ్లు పెట్టి చూడాలి. ఎగ్జాస్ట్ మానిఫోల్డు చివరి బోల్టులు ఈ ఇంజిన్లలో తరచూ విరిగిపోతాయి. పైనున్న ఇంటేక్ తీస్తే కింద నాక్ సెన్సర్లు (ఇంజిన్‌లో టకటక శబ్దాన్ని పసిగట్టేవి) రెండు గుంటల్లో కూర్చుని కనిపిస్తాయి. వెనక గుంటలో నీళ్లు నిలిచి సెన్సర్ తుప్పు పట్టి ఉండవచ్చు. 2001 తర్వాతి హెడ్లలో 706 నంబరు వేసి, వాల్వ్ కవరు కింద కాస్టెక్ (పోత పోసిన కంపెనీ) ముద్ర ఉన్న కొన్నింటికి సన్నని పగుళ్లు వచ్చి, బయటికి చుక్క కారకుండానే కూలెంట్ తగ్గిపోతుంది. ఆ ముద్ర కనిపిస్తే హెడ్లు ఒత్తిడి పెట్టి పరీక్షించే చోటికి తీసుకువెళ్లాకే ధర మాట్లాడుకోండి.

పని వరుస గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. పాత ఇంజిన్ తీయకముందే బ్రేకులు, స్టీరింగు చూసుకోండి. మీది 1972 బండి కాబట్టి ముందు చక్రాలకు డిస్కులు ఉండి ఉంటాయి. 1970 వరకు వచ్చిన వాటిలో నాలుగూ డ్రమ్ములే, అలాంటి బండికైతే డిస్కులు పెట్టుకున్నాకే ఇంజిన్ గురించి ఆలోచించాలని చెబుతాను. పాత రబ్బరు బ్రేకు గొట్టాలను బయట బాగున్నట్టు కనిపించినా మార్చేయండి. తర్వాత పాత ఇంజిన్ దించి, చాసిస్ ముందు భాగం కడిగి, క్రాస్ మెంబర్ (చాసిస్ పట్టీలను కలిపే అడ్డ కమ్మీ) దగ్గర పగుళ్లు ఉన్నాయేమో చూడండి. పాత బ్రేకు, క్లచ్ దుమ్మును గాలి పెట్టి ఊదకండి. ఆ కాలం వాటిలో ఆస్బెస్టాస్ ఉండేది.

కొత్త ఇంజిన్ కూర్చోవడానికి ఇంజిన్ మౌంట్ల మధ్య పెట్టే అడాప్టర్ ప్లేట్లు దొరుకుతాయి. ట్రక్కు ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే సంప్ లోతుగా ఉంటుంది, సి-10లో అది క్రాస్ మెంబర్ కంటే కిందికి వేలాడి రోడ్డు మీద రాయి తగిలే ప్రమాదం ఉంది కాబట్టి, ఈ పని కోసమే తయారైన తక్కువ లోతు సంప్ పెట్టుకోవడం తప్పదు. టెక్సస్ ఎండల్లో ఏసీ లేకుండా తిరగలేరు, కానీ ట్రక్కు ఏసీ కంప్రెసర్ కుడి పక్కన కిందగా ఉండి సాధారణంగా చాసిస్ పట్టీకి తగులుతుంది. దాన్ని పైకి మార్చే బ్రాకెట్ల ఖర్చు మొదటి లెక్కలోనే రాసుకోండి. గేర్‌బాక్స్ కొత్తది పెడితే దాని క్రాస్ మెంబర్ వెనక్కి జరపాలి, గేర్‌బాక్స్‌ను వెనక ఇరుసుకు కలిపే ప్రొపెల్లర్ షాఫ్ట్ కొత్త పొడవుకు చేయించాలి. ఆ కొలత బండి నాలుగు చక్రాల మీద నిలబడి, బరువంతా దిగిన తర్వాతే తీసుకోవాలి. ఇంతా చేసి ఈ గేర్‌బాక్స్ పెట్టడం ఎందుకంటే, దాని నాలుగో గేరు నిష్పత్తి 0.70. పాత మూడు గేర్ల పెట్టెతో హైవేలో ఇంజిన్ నిమిషానికి 3000 సార్లు తిరిగే వేగంలో ఇది 2100 సార్లు తిరుగుతుంది.

ఇంట్లో చేసే పని కాబట్టి భద్రత గురించి గట్టిగా చెప్పాలి. ఈ ఇంజిన్ రెండు క్వింటాళ్లకు పైగా బరువు తూగుతుంది. క్రేన్‌కు వేలాడుతున్నప్పుడు మీరు గానీ మీ అబ్బాయి గానీ దాని కిందికి చెయ్యి కూడా పెట్టకండి. బండి కింద పడుకోవాలంటే జాకీని నమ్ముకోకుండా స్టాండ్ల మీద నిలబెట్టండి. అమెరికా ఇళ్లలో గ్యాసుతో పనిచేసే వాటర్ హీటర్ చాలాచోట్ల గ్యారేజీలోనే ఉంటుంది. దాని పైలట్ మంట కింద వెలుగుతూ ఉంటే, పెట్రోలు ఆవిరి నేల వెంబడి పాకి దాన్ని చేరుతుంది. ట్యాంకు ఖాళీ చేసే పనిని, పైపులు విప్పే పనిని బయట వాకిట్లో చేయండి.

ఇక చట్టం. టెక్సస్‌లో సొంత వాహనాలకు 2025 జనవరి 1 నుంచి వార్షిక భద్రతా తనిఖీ లేదు. డాలస్ వంటి 17 కౌంటీల్లో ఉన్న పొగ పరీక్ష 24 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లకు వర్తించదు కాబట్టి, మీ 1972 బండికి ఆ ఇబ్బంది రాదు. కాలిఫోర్నియాలో 1975 వరకు వచ్చిన బండ్లకు మినహాయింపు ఉంది. ఆ తర్వాతి వాటిలో ఇంజిన్ మారిస్తే, బండి సంవత్సరానిదో అంతకంటే కొత్తదో అయిన ఇంజిన్‌ను దాని కాలుష్య నియంత్రణ సామగ్రి అంతటితో పెట్టి, ప్రత్యేక తనిఖీ చేయించుకోవాలి. ఏ రాష్ట్రంలో ఉన్నా బీమా కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి.

ప్రశ్న (అదే పాఠకుడు): పాత పెట్రోలు ట్యాంకును, పైపులను అలాగే ఉంచి, చాసిస్ మీద ఒక ఎలక్ట్రిక్ పంపు పెడితే సరిపోతుందని ఒక మిత్రుడు చెప్పారు. నిజమేనా?

సమాధానం: కొన్నాళ్లు నడుస్తుంది, కానీ నేను అలా చేయమని చెప్పను. మీ పాత కార్బొరేటర్‌కు చదరపు అంగుళానికి 5 నుంచి 7 పౌండ్ల ఒత్తిడితో పెట్రోలు అందితే చాలు. ఎల్ఎం7 ఇంజెక్టర్లకు 58 పౌండ్లు కావాలి. పాత రబ్బరు పైపు ఆ ఒత్తిడికి పగిలితే ఇంజిన్ మీద చల్లినట్టు పెట్రోలు పడుతుంది. ఇంజెక్షన్ ఒత్తిడికి తయారైన పైపులనే, సరైన క్లిప్పులతోనే వాడండి. పంపు ట్యాంకు లోపల, పెట్రోల్లో మునిగి ఉంటేనే చల్లగా ఉంటుంది, చప్పుడు చేయదు, ఎక్కువ కాలం మన్నుతుంది. అందుకే వెనక చాసిస్ పట్టీల మధ్య, స్పేర్ టైరు చోట పంపుతో కూడిన కొత్త ట్యాంకు పెట్టుకోమని నా సలహా. దీనికి మరో కారణం ఉంది. మీ సి-10లో అసలు ట్యాంకు సీటు వెనకనే, మనుషులు కూర్చునే గదిలోనే ఉంటుంది. 58 పౌండ్ల ఒత్తిడితో పనిచేసే పంపును, పైపులను మీ వీపు వెనక పెట్టుకుని తిరగడం నాకు ఏ మాత్రం ఇష్టం లేదు.

పంపు వైరును తాళం చెవి స్విచ్చికి నేరుగా కలపవద్దు. ఇంజిన్ కంప్యూటర్ నడిపే రిలే (విద్యుత్‌తో పనిచేసే స్విచ్చి) ద్వారానే కలపండి. తాళం తిప్పగానే అది దాదాపు రెండు సెకన్లు పంపును నడిపి ఆపుతుంది, ఇంజిన్ తిరగడం మొదలయ్యాక మళ్లీ నడుపుతుంది. ప్రమాదం జరిగి ఇంజిన్ ఆగితే పంపూ ఆగిపోతుంది. నేరుగా కలిపిన పంపు, పైపు తెగినా సరే పెట్రోలు చిమ్ముతూనే ఉంటుంది.

చల్లబరిచే ఏర్పాటులోనూ జాగ్రత్తగా చూడాల్సిన చిన్న పైపులు ఉన్నాయి. హెడ్ల పైభాగాన ఆవిరి బయటికి పోయే సన్నని గొట్టాలు కనిపిస్తాయి. పాత రేడియేటర్‌లో వాటికి చోటు లేదని కొందరు మూసేస్తారు. అలా మూస్తే హెడ్లలో ఆవిరి చిక్కుకుని ఇంజిన్ వేడెక్కుతుంది. వాటిని రేడియేటర్ పైభాగానికి కలపండి.

ప్రశ్న: నా 1969 సి-10లో 5.3 ఇంజిన్ బిగించాను. స్టార్ట్ అవుతుంది, కానీ హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, నిలిచి ఉన్నప్పుడు ఇంజిన్ ఎగుడుదిగుడుగా తిరుగుతుంది. కంప్యూటర్ చెడిపోయిందా? (న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: కంప్యూటర్ మార్చకండి. ముల్లు లేవడం ఎర్తింగ్ సరిగ్గా లేదనడానికి మంచి సూచన. మీ బండి క్యాబిన్ రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి చాసిస్‌తో దానికి విద్యుత్ సంబంధం తనంతట తాను ఏర్పడదు. కంపెనీవారు ఇంజిన్ నుంచి క్యాబిన్‌కు పట్టీ వేసేవారు, ఇంజిన్ మార్పిడిలో దాన్ని మళ్లీ పెట్టడం చాలామంది మరచిపోతారు. హెడ్‌లైట్ల కరెంటు వెనక్కి వెళ్లే దారి బలహీనంగా ఉంటే డ్యాష్‌బోర్డులోని గేజీలు తప్పు చూపుతాయి. మల్టీమీటర్‌ను డీసీ వోల్టుల మీద పెట్టి, ఒక కొసను బ్యాటరీ మైనస్ స్తంభానికి, రెండోదాన్ని క్యాబిన్‌లో రంగు లేని ఇనుముకు ఆనించి, హెడ్‌లైట్లు వేయించండి. 0.2 వోల్టుల కంటే ఎక్కువ చూపితే లోపం అక్కడే ఉంది. బ్యాటరీ నుంచి ఇంజిన్ బ్లాకుకు, బ్లాకు నుంచి చాసిస్‌కు, బ్లాకు నుంచి క్యాబిన్‌కు లావైన తీగలు వేసి, తగిలించే చోట రంగును మెరిసేదాకా గీకి బోల్టు బిగించండి.

ఇంజిన్ సమంగా తిరగకపోవడం వేరే సంగతి కావచ్చు. స్కాన్ పరికరం కలిపి ఇంధన సవరణ అంకెలు (కంప్యూటర్ పెట్రోలును ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూపేవి) చూడండి. నిలిచి ఉన్నప్పుడు అవి బాగా ఎక్కువగా ఉండి, వేగం పెంచగానే తగ్గితే, గాలి కొలిచే సెన్సర్ తర్వాత ఎక్కడో గాలి దొంగతనంగా లోపలికి పోతోందని అర్థం. ఇంటేక్ గాస్కెట్లు, బ్రేకు బూస్టర్ పైపు పరీక్షించండి. వేరే పాఠకులకు ఉపయోగపడుతుంది కాబట్టి ఇది కూడా చెబుతాను: ఇంజిన్ స్టార్ట్ అయిన ఒకటి రెండు సెకన్లకే ఆగిపోతుంటే ముందుగా ఆ ఇంజిన్ ఏ బండిలోంచి వచ్చిందో దాని దొంగతన నిరోధక వ్యవస్థను అనుమానించండి, దాన్ని కంప్యూటర్ ప్రోగ్రాములో తీయించుకోవాలి.

ప్రశ్న: మా నాన్నగారి పాత మహీంద్రా పికప్‌లో కొత్త కామన్ రైల్ డీజిల్ ఇంజిన్ ఇలాగే బిగించుకోవచ్చా? (విజయవాడ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: మన దగ్గర దారి వేరమ్మా. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, ఆర్‌సీలో నమోదైన వివరాలు తయారీదారు ఇచ్చిన అసలు వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. ఆమోదించిన సీఎన్‌జీ కిట్ల వంటి వాటికి అనుమతి ఉంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా తయారీదారు నిర్దేశాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టంలోని 182ఏ సెక్షను కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చు. ప్రమాదం జరిగితే బీమా దగ్గర వచ్చే చిక్కు ఇంకా పెద్దది.

కాబట్టి నాన్నగారి బండిని రోడ్డు మీద నడపాలనుకుంటే, ఉన్న ఇంజిన్‌నే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు, బేరింగులు వేయించి, ఇంజెక్షన్ పంపు సర్వీసు చేయించండి. బ్లాకు పగిలిపోయి ఉంటే అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ కోసం వెతకండి. కొనేముందే ఆర్టీఏ కార్యాలయానికి వెళ్లి అనుమతి విధానం కనుక్కోండి. ఇంజిన్ ఎక్కడ కొన్నా బిల్లు, అమ్మినవారి బండి ఆర్‌సీ నకలు తీసుకోండి. మారిన ఇంజిన్ నంబరు మీ ఆర్‌సీలో ఎక్కిన తర్వాతే బండిని రోడ్డు మీదకు తీయండి.